నరాల్లో నడిచే బండికి ఇంధనం చూపించిన మన యల్లాప్రగడ

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని జుబైల్‌కి నేను వచ్చి 16 ఏళ్ళు దాటింది. ఒక పాలీక్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, మిషన్‌లో పెట్టడం, రిపోర్టు చేతికివ్వడం నా పని. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. సినిమాకైనా, పెళ్ళి బట్టలకైనా భీమవరం వెళ్ళేవాళ్ళం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే పెద్దమనిషి పుట్టింది ఆ భీమవరంలోనే. ఆయన గురించి మళ్ళీ ఆలోచించేలా చేసింది మాత్రం నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన మా గది అన్న.

పోయిన వేసవిలో ఒక రాత్రి అన్న తన కాలు నాకు చూపించాడు. మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. ఆ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా క్యాంపు వరండా దాటి నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళొచ్చాడట. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టమే ఉంది. అంత ఎండలో సిమెంటు పెనంలా కాలుతుంది. ఆ సంగతి అన్న పాదానికి తెలియలేదు. సాయంత్రం సాక్సు తొడుక్కుంటుంటే తడి తగిలి చూసుకున్నాడు.

అన్నకి షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో చెప్పలేదు. పెద్దమ్మాయి పెళ్ళి అప్పు తీరలేదని నాలుగేళ్ళుగా ఊరు వెళ్ళలేదు. నెల తిరిగేసరికి డబ్బు మాత్రం వెళ్ళిపోతుంది. మర్నాడు డాక్టరు చూసి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని, ఇకపై పాదాలు రోజూ చూసుకోవాలని చెప్పారు. గదికి వచ్చాక అన్న నన్ను ఒకటే అడిగాడు. షుగర్ ఒళ్ళంతా తిరిగే రక్తంలో ఉంటుంది కదా, మరి తిమ్మిరి పాదాల్లోనే ఎందుకు మొదలైంది అని.

మంచి ప్రశ్న. నాకు తెలిసినంతలో జవాబు చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ చెబుతూ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళాను.

మీటరు పొడవు కణం

పాదం నుంచి కబురు మోసుకొచ్చే నాడీకణం అసలు దేహం నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. అది సూది మొనకన్నా చిన్నది. దాని నుంచి బయలుదేరిన సన్నటి తీగ మాత్రం కాలివేళ్ళ దాకా, అంటే దాదాపు ఒక మీటరు పొడవు వెళుతుంది. ఆ తీగని ఆక్సాన్ అంటారు. తీగ చివర పనిచేయడానికి కావలసిన ప్రొటీన్లలో చాలా భాగం నడుము దగ్గరి ఆ చిన్న దేహంలోనే తయారవుతాయి. అక్కడి నుంచి మీటరు దూరం మోసుకెళ్ళాలి. సంపాదన జుబైల్‌లో, వంట నిజామాబాద్‌లో అన్నట్టు.

ఈ సరుకు రవాణాలో రెండు వేగాలున్నాయి. తిత్తుల్లో కట్టిన సరుకు రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది. పాదం చేరడానికి రెండున్నర రోజులు. తీగకి వాసాలు, దూలాల్లాంటి ప్రొటీన్లు మాత్రం రోజుకు మిల్లీమీటరు చొప్పున జరుగుతాయి. అవి మీటరు దాటాలంటే దాదాపు మూడేళ్ళు. దారి ఎంత పొడవైతే ఇబ్బంది అంత ఎక్కువ. అందుకే షుగర్ దెబ్బ పొడవాటి నరాల చివర్లలో, పాదాల్లో, ముందు కనిపిస్తుంది. షుగర్ నరాన్ని పాడుచేసే మార్గాలు చాలా ఉన్నాయి. సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం ఒకటి, ఈ రవాణా మందగించడం ఇంకొకటి.

మరి ఈ బండ్లు దేనితో నడుస్తాయి? ఏటీపీ అనే చిన్న పదార్థంతో. శరీరంలో అలాంటి పదార్థం ఒకటుందని మొదట బయటపెట్టిన వాళ్ళలో మన భీమవరం డాక్టరు ఒకరు.

మూడోసారికి మెట్రిక్ పాసైన కుర్రాడు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని రాబడి. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఇల్లు వదిలి పారిపోతుంటే దారిలో పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. తండ్రి 1913లో పోయారు. నగలు అమ్మయినా సరే కొడుకుని చదివించాలన్న పట్టుదల వెంకమ్మ గారిది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరై సేవ చేయమని మఠం పెద్దలే దారి చూపించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. చదువు ఖర్చులో కొంత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మోశారు.

అవి గాంధీ గారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్‌ దొరకి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ బదులు ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం దొరికింది.

ఆ కాలంలోనే ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం పలచబడి, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బది. అప్పుడు దానికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని చెబుతారు. మందు కనిపెట్టాలన్న కసి అక్కడే పుట్టి ఉంటుంది.

1922 అక్టోబరులో బోస్టన్

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కూడదీసుకుని 1922లో ఓడెక్కారు. అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల చదువు. ఆయన పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని చేసుకుని గది అద్దె కట్టుకున్నారు. గల్ఫ్‌కి డిగ్రీతో వచ్చి హెల్పర్ వీసా మీద మొదలుపెట్టిన మనవాళ్ళు ఎంతమంది లేరు!

ఆయన బయలుదేరేటప్పటికి శేషగిరి గారు గర్భవతి. రెండు మూడేళ్ళలో చదువు ముగించి తిరిగి రావాలన్నది అనుకున్న మాట. కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కె అనే పరిశోధకుడితో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేసి 1925లో ప్రచురించారు. నమూనాలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన మరో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ల్యాబ్ కోర్సు చదివిన ప్రతి ఒక్కరూ ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని రాసే ఉంటారు. నేనూ రాశాను. ఇప్పుడు మా మిషన్ మనిషి చెయ్యి తగలకుండా పని ముగిస్తుంది. కాని లోపల ఫాస్ఫేట్‌ని పట్టుకునేది చాలావరకు ఆ మాలిబ్డేటే.

ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లోకి దిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. చివరిది విడిపోయినప్పుడు వచ్చే శక్తితో కండరం ముడుచుకుంటుంది. శరీరంలో ఇంకెన్నో పనులు దానితోనే జరుగుతాయని తరవాతి వాళ్ళు ఒక్కొక్కటిగా తేల్చారు. సుబ్బారావు గారు నరాల మీద పనిచేయలేదు. కాని నరంలో జరిగే ప్రతి కదలికకీ ఖర్చయ్యే నాణెం ఆయన బయటపెట్టిందే.

మాత్రల్లో మిగిలిన మనిషి

1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్ళు గడిచినా అక్కడ శాశ్వతమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కి మారారు. తరవాత అక్కడి పరిశోధనకి అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ళలో ఆయన బృందాల నుంచి వచ్చిన మందుల్ని నేను రోజూ ఏదో ఒక చీటీలో చూస్తుంటాను.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూ జబ్బుకి అది మందయింది. ఇవాళ గర్భిణులందరికీ ఇచ్చే చిన్న మాత్ర కూడా అదే. ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందుల్ని కూడా ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఇప్పుడు క్యాన్సర్‌కే కాదు, కీళ్ళవాతానికి చిన్న మోతాదులో వారానికొకసారి వాడుతున్నారు.

1947లో బోదకాలుకి డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. మా గోదావరి జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తిన్నాక మింగమని దగ్గరుండి వేయించే డీఈసీ మాత్ర అదే. మా నాన్నమ్మకి బోదకాలు ఉండేది. ఆ మాత్ర వెనక మా పక్క ఊరి మనిషి ఉన్నాడని ఆవిడకి తెలియకుండానే పోయింది.

1948 ఆగస్టులో ఒక రాత్రి న్యూయార్క్‌లో తన గదిలో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. భారతీయులకి అమెరికా పౌరసత్వం తెరిచిన చట్టం 1946లో వచ్చింది. ఆయన మాత్రం ఆ దేశ పౌరుడు కాకుండానే వెళ్ళిపోయారు. ఊరికీ తిరిగి రాలేదు. 26 ఏళ్ళలో ఒక్కసారి కూడా. శేషగిరి గారు భర్తని మళ్ళీ చూడలేదు. తపాలా శాఖ 1995లో ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. ఆవిడ ఎదురుచూపుకి ఎవరూ బిళ్ళ వేయలేదు.

బండిని ఎప్పుడు కదిలించాలి, ఎప్పుడు ఆపాలి

ఆయన పోయిన 1948లోనే పాల్ వైస్, హెలెన్ హిస్కో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నరాన్ని ఒకచోట నొక్కిపెట్టి చూసి, కాలవకి అడ్డుకట్ట వేస్తే నీళ్ళు పైకి ఎగదన్నినట్టు కణందేహం వైపు సరుకు పోగుపడుతోందని ప్రచురించారు. నరం ఉత్త కరెంటు తీగ కాదు, లోపల రవాణా ఉందని తేలింది. అయితే మోసేదెవరో తెలియడానికి ఇంకా 37 ఏళ్ళు పట్టింది. 1985లో బోస్టన్‌కి దక్షిణాన ఉన్న వుడ్స్ హోల్ తీరంలో, ఒక రకం సముద్రజీవి స్క్విడ్ నరాల్లో, కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్ దొరికింది. దాన్ని పట్టుకోవడానికి వేసిన ఎర ఏమిటో తెలుసా? ఏటీపీలా కనిపిస్తూ విరగని నకిలీ ఏటీపీ. దాన్ని అసలుదనుకుని మోటారు పట్టాకి అతుక్కుపోయి దొరికిపోయింది.

కైనెసిన్‌కి రెండు కాళ్ళలాంటివి ఉంటాయి. ఒక ఏటీపీ ఖర్చుతో ఒక అడుగు. అడుగు పొడవు 8 నానోమీటర్లు. మీటరు దూరానికి 12 కోట్ల 50 లక్షల అడుగులు. ఒకే మోటారు అంత దూరం నడవదు. కొన్ని ఎక్కి, కొన్ని దిగి, చేతులు మారుస్తూ తీసుకెళతాయి.

అన్న క్రేన్ ఆపరేటర్. అడుగులూ ఖర్చూ చెప్పగానే, మరి ఖాళీ బండి కూడా డీజిల్ తాగుతుందా అని అడిగాడు. తాగదు. మోయడానికి సరుకు లేనప్పుడు కైనెసిన్ తనలోకి తనే మడుచుకుని, ఏటీపీ ఖర్చు దాదాపు ఆపేస్తుంది. సరుకు అంటుకుంటే మడత విప్పుకుంటుంది. ఇది మొదటి కట్టుబాటు.

రెండోది గేట్ పాస్ లాంటిది. కైనేజులనే ఎంజైములు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్‌ని తీసి మోటారుకో, సరుకుని మోటారుకి కట్టే ప్రొటీన్‌కో అంటిస్తాయి. ఆ ముద్ర పడిన చోటుని బట్టి సరుకు కదులుతుంది, లేదా దిగిపోతుంది. హంటింగ్టిన్ అనే ప్రొటీన్ మీద ఒకచోట ఫాస్ఫేట్ ఉంటే సరుకు తీగ చివరివైపు వెళుతుంది. అది లేకపోతే కణందేహం వైపు తిరుగుతుంది. అంటే సుబ్బారావు గారు నీలం రంగుతో లెక్కపెట్టిన ఫాస్ఫేటే ఇక్కడ డీజిల్, అదే గేట్ పాస్.

మూడోది సైటు నుంచి వచ్చే కబురు. నరం ఎక్కడ ఎక్కువ పనిచేస్తుంటే అక్కడ కాల్షియం పెరుగుతుంది. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఆ దారిన వెళుతుంటే, దాని మీదుండే మీరో అనే ప్రొటీన్ కాల్షియాన్ని గుర్తుపట్టి అక్కడే ఆపుతుంది. ఎక్కడ పని ఉంటే జనరేటర్ అక్కడే దిగుతుందన్నమాట.

నాలుగోదే నాకు ఎప్పుడూ మనసుని పట్టుకునేది. సరుకు వెళ్ళడమే కాదు, తిరిగి రావాలి కూడా. ఎదురుదిశలో నడిచే మోటారుని డైనీన్ అంటారు. చివర్లో చర్మం, కండరం ఇచ్చే పోషక సంకేతాలని అది నడుము దగ్గరి కణందేహానికి మోసుకొస్తుంది. పిండం ఎదిగే దశలో ఆ కబురు అందని నాడీకణాలు చాలావరకు చనిపోతాయి. పెద్దయ్యాక కూడా, చివర ఏం జరుగుతోందో కబురు అందితేనే కణం ఏం తయారుచేయాలో, ఎంత పంపాలో సరిచూసుకుంటుంది.

అన్న చేసిన ఫోన్

అంతా విన్నాక అన్న ఈ మోటార్ల గురించి ఇంకేమీ అడగలేదు. సుబ్బారావు గారు ఎందుకు తిరిగి రాలేదని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చదువు, డబ్బు, పని, తరవాత రెండో ప్రపంచ యుద్ధం. ఒక్కో ఏడాదికి ఒక్కో కారణం ఉండే ఉంటుంది. మనందరికీ ఉన్నట్టే. మా నాన్న పోయినప్పుడు నాకు రీ ఎంట్రీ వీసా చేతికొచ్చేసరికి ఆరో రోజు. ఆయనకి బాగాలేదని రెండు నెలల ముందు నుంచీ ఇంట్లో వాళ్ళు నాకు చెప్పలేదు, కంగారు పడతానని. నేనూ ఇక్కడి సంగతులేవీ వాళ్ళకి చెప్పేవాణ్ణి కాదు. అటూ ఇటూ మంచికోసమే దాచుకున్నాం.

సుబ్బారావు గారిని తప్పుపట్టడానికి నేనెవర్ని? ఆయన పంపిన సరుకు ప్రపంచమంతా అందింది. మా నాన్నమ్మ ఊళ్ళోకీ అందింది. శేషగిరి గారికి మాత్రం అందవలసింది అందలేదు. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే ఆయన కథ సగమే చెప్పినట్టు.

ఆ రాత్రి పదకొండు దాటాక అన్న బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. ఊళ్ళో అప్పటికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. వదిన కంగారుగా ఎత్తి ఉంటుంది. షుగర్ సంగతి, కాలి సంగతి చెప్పాడు. అవతల నుంచి చాలాసేపు తిట్లు, ఏడుపు. లోపలికి వచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. బొబ్బ మానడానికి ఏడు వారాలు పట్టింది. పాదంలో పోయిన స్పర్శ తిరిగి రాలేదు. ఇప్పుడు చెప్పులు లేకుండా గడప దాటడు. వదిన రోజూ వీడియో కాల్‌లో పాదాలు చూపించమంటుంది. సిగ్గుపడుతూనే రెండు పాదాలూ ఎత్తి చూపిస్తాడు. రిపోర్టు నా చేతికి రాకముందే నంబరు ఎంతో ఆమెకి చెప్పాలట.

షుగర్ ఉన్న మనవాళ్ళు ఏడాదికొకసారైనా పాదాలు పరీక్ష చేయించుకోండి. దాని సంగతి ఇంట్లో చెప్పండి. డబ్బు పంపిన రసీదు ఫోటో పంపే ఫోన్‌లోనే ల్యాబ్ రిపోర్టు ఫోటో కూడా పంపొచ్చు.